చిల్లకూరులో చిల్ల ఏది, నెల్లూరులో నెల్లి ఏది

మా జేజి (నాయనమ్మ) వంటింట్లో నీళ్ల కడవల పక్కన గూట్లో ఒక చిన్న గుడ్డసంచి ఉండేది. వక్కాకు తిత్తి కాదు, అది ఆమె బొడ్లోనే ఉండేది. ఈ సంచిలో చొక్కా గుండీల్లాంటి గింజలు ఉండేవి. గుండ్రంగా, కాస్త అణిగినట్టు, పాలిపోయిన పసుపు రంగులో ఉండేవి. చెరువులోకి కొత్త నీళ్లు వచ్చిన రోజుల్లో, కడవ దించగానే జేజి ఒక గింజ తీసి తడి చేసి కడవ లోపలి గోడకు గంధం తీసినట్టు అరగదీసేది. నాకు అప్పగిస్తే నేను నాలుగు గీతలు గీసి వదిలేసేవాణ్ణి. "ఊరికే గీసి వదిలెయ్యబాక అబ్బయ్యా, చేత్తో తడిమితే జిగటగా తగలాల" అనేది. రాత్రికి మూత పెట్టి పెడితే తెల్లారేసరికి టీ రంగులో ఉన్న నీళ్లు తేట పడి, అడుగున వేలెడు మందాన ఒండ్రు పేరుకుని ఉండేది. పైనీళ్లు కదలకుండా ముంచుకోవడం ఒక పని. చెంబు తగిలి అడుగు కదిలితే మళ్లీ మొదటికొచ్చేది.

అవి చిల్లగింజలు. మాది గూడూరు దగ్గర చిల్లకూరు వైపు పల్లె. ఆ గింజకూ ఆ ఊరికీ సంబంధం ఉందని నాకు ముప్పై ఏళ్లు దాటేదాకా తట్టలేదు. ఎందుకంటే బళ్లో మాకు వేరే సంగతి చెప్పారు. "చిల్లచెట్లు ఎక్కువ కాబట్టి చిల్లకూరు" అని ఐవారు చెబితే, మేమంతా కిటికీలోంచి బయటికి చూసి తలలూపాం. బయట నిజంగానే కనుచూపు మేర చిల్లకంప ఉండేది. మా వైపు, ప్రకాశం వైపు చిల్లచెట్టు అంటే అదే. సర్కారు తుమ్మ అని కొందరంటారు. ముళ్లు గుచ్చుకుంటే కాలు వాచిపోయే చెట్టు. ఎండినప్పుడు పొయ్యిలోకి, బొగ్గుల బట్టీలోకి. కాలవ గట్టు, చెరువు కట్ట, శ్మశానం, రైలు పట్టాల పక్క, ఎక్కడ కాస్త చోటు దొరికితే అక్కడ మొలిచేది.

ఇంటికొచ్చి జేజికి ఆ మాట చెబితే ఆమెకు కోపమొచ్చింది. "నేను కాపురానికొచ్చినప్పుడు ఈడ ఆ కంప యాడుండాది?" అంది. అంతే అంది. నేను పట్టించుకోలేదు. ఐవారు చెప్పింది ఒకటి, చదువు రాని ముసలామె చెప్పింది ఒకటి అయితే పిల్లవాడు ఎవర్ని నమ్ముతాడు?

జేజి చెప్పిందే నిజమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మనం ఇప్పుడు చిల్లకంప అంటున్న చెట్టు ఈ దేశానిది కాదు. మధ్య, దక్షిణ అమెరికా ఎడారి నేలల చెట్టు. 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరుకు కరువు తీరుతుందని జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, మన పక్కనున్న కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. మేకలూ గొర్రెలూ తియ్యటి కాయలు తిని, గింజల్ని పేడతో పాటు ఊరూరా చల్లాయి. అంటే ఆ చెట్టు మన నేల మీదికి వచ్చి నూటయాభై ఏళ్లు కూడా కాలేదు. చిల్లకూరు అనే పేరు అంతకు ఎన్నో తరాల ముందుది. ఊరికి పేరు ఇచ్చింది ఈ కంప కానే కాదు. దాన్ని ఇచ్చింది జేజి సంచిలోని గింజ కాసే చెట్టు, అసలు చిల్ల. ఎండు కొండల్లోనూ మెట్ట అడవుల్లోనూ పెరిగే దేశవాళీ చెట్టు.

ఇక్కడే నా బాధంతా ఉంది. పాత చెట్టు కనబడకుండా పోయింది, దాని పేరు ఖాళీగా మిగిలింది, కొత్తగా వచ్చిన ముళ్లకంప ఆ పేరులోకి దూరి కూర్చుంది. ఆ తర్వాత ఆ పేరే చూపించి ఊరికి కొత్త అర్థం చెప్పడం మొదలైంది. ఒక్క చెట్టు పోతే ఒక్క చెట్టే పోయిందనుకుంటాం. ఆ చెట్టుతో ముడిపడిన ఊరి పేరు అర్థం కూడా పోతుంది. ఆ ఖాళీలో ఎవరికి తోచిన కథ వాళ్లు నింపుతారు.

నెల్లూరు పేరు విషయంలో జరుగుతున్నదీ ఇదే అని నా గట్టి నమ్మకం.

నెల్లూరు గురించి మూడు మాటలు చెబుతారు. మొదటిది మూలాపేటలో ఉన్న మూలస్థానేశ్వరస్వామి కథ. ముక్కంటి రెడ్డి అనే ఆయనకు నెల్లిచెట్టు కింద శివలింగం కనబడిందనీ, కలలో స్వామి ఆజ్ఞ అయితే అక్కడే గుడి కట్టించాడనీ, ఆ నెల్లిచెట్టు పేరు మీద నెల్లూరు అయిందనీ. నెల్లి అంటే ఉసిరి. రెండోది, నెల్ అంటే అరవంలో వడ్లు కాబట్టి ఇది వడ్ల ఊరు అని. మూడోది విక్రమసింహపురి. ఈ మూడో పేరు మీద మనకు మోజెక్కువ. రైలుకు సింహపురి, యూనివర్సిటీకి విక్రమ సింహపురి, సన్మాన సభల్లో అందరం సింహపురి వాసులమే.

సింహపురి నిజంగానే పాత పేరు, శాసనాల్లో ఉంది, దానికి గౌరవం ఉంది. తెలుగు చోళుల రాజధానికి, తిక్కన గారు మంత్రిగా ఉన్న మనుమసిద్ధి కొలువుకు అది తగిన పేరే. కానీ అది రాజులు తగిలించుకున్న బిరుదు. బిరుదును పేరుగా చూడకూడదు. రాజు ఉన్నన్నాళ్లూ బిరుదు పలికింది. 1263 ప్రాంతాల్లో పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు వచ్చి నెల్లూరు పట్టుకుని ఇక్కడే వీరాభిషేకం చేయించుకున్నాడు, ఆ తర్వాత కాకతీయులు, విజయనగరం, ఆర్కాటు నవాబు, కుంపిణీ. ఇన్ని చేతులు మారినా మార్కెట్టుకు పోయే ఆడమనిషి నోట్లో మిగిలింది నెల్లూరు మాత్రమే. కందుకూరు వాళ్లు స్కందపురి అనుకుంటే ముచ్చటపడతారు, నాకు అర్థమవుతుంది. మన ఊరికి ఒక పురాణం ఉంటే బాగుండునని అందరికీ ఉంటుంది. కానీ ఒక చెట్టు పేరు పెట్టుకున్న ఊరు పురం పేరు పెట్టుకున్న ఊరి కంటే తక్కువదని ఎందుకు అనుకోవాలి? పురం పేరు రాజు పెట్టాడు. చెట్టు పేరు ఆ నీడన కూర్చున్నవాళ్లు పెట్టారు. నాకు రెండోవాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

ఇక వడ్లా, ఉసిరా అన్న గొడవ. ఇందులో ఎక్కువ వేడి పుట్టించేది భాష. నేను మద్రాసులో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. మా ఇంటి ఓనరు వాళ్ల పాటి, అంటే అవ్వ, ఒక రోజు ఉప్పులో ఊరేసిన ఉసిరికాయలు గిన్నెలో పెట్టి తెచ్చి, "నెల్లిక్కాయ్, మీ ఊరి కాయ" అంది నవ్వుతూ. పక్కనే ఉన్న ఆమె మనవడు "ఊరి పేరే మాది కదా పాటి" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు. నాకు మాత్రం చురుక్కుమంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు గారి పేరు మా జిల్లాకు ఉంది, ఆ జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, ఊరి పేరు అరవమంటే ఎలా ఊరుకుంటాను? ఆ రోజు ఏదో వాదించాను. ఇప్పుడు తలుచుకుంటే ఇద్దరం తప్పే మాట్లాడామనిపిస్తుంది.

నెల్లి అరవం ఒక్కదాని సొత్తు కాదు. కన్నడంలోనూ ఉసిరికాయ నెల్లికాయే, మలయాళంలో నెల్లిక్క. మనం ఒక్కళ్లం ఉసిరి అంటున్నాం. మరి తెలుగువాళ్లు ఎప్పుడూ నెల్లి అనలేదా అంటే, నన్ను ఊరి పేర్ల వైపు చూడమని చెప్పండి, చూపిస్తాను. విజయనగరం దగ్గర నెల్లిమర్ల ఉంది. భద్రాచలం పక్కన నెల్లిపాక ఉంది. మహబూబాబాద్ జిల్లాలో నెల్లికుదురు ఉంది. కుదురు అంటే చెట్టు పాదు, నీళ్లు పోయడానికి మొదట్లో చేసే గుంట. నెల్లిచెట్టు పాదు అని అచ్చంగా పేరులోనే చెబుతున్న ఊరు ఓరుగల్లు సీమలో ఉంటే, నెల్లి మన మాట కాదని ఎలా అంటాం? అరవనాడు సరిహద్దు ఆ ఊళ్లకు ఎంత దూరం? ఒకప్పుడు ఈ నేలంతా ఆ మాట తిరిగింది. తర్వాత మన నోళ్లలో ఉసిరి నిలబడింది, నెల్లి ఊరి పేర్లలోకి వెళ్లి దాక్కుంది. పాత మాటలు చివరగా తలదాచుకునే చోటు ఊరి పేరే.

ఇంకో సంగతి ఉంది, అది నాకు మా నెల్లూరు యాసే నేర్పింది. నెల్ అనే మాటకు ఊర్ కలిపితే అరవంలో నెల్లూర్ అవుతుంది. కల్ కు ఊర్ కలిస్తే కల్లూర్ అయినట్టు. అది వాళ్ల పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. అదే నెల్లికి ఊర్ కలిపితే అరవంలో మధ్యన యకారం వచ్చి నెల్లియూర్ అవ్వాలి. మరి తెలుగు నోట్లో? మేము "వచ్చి ఉండాడు" అనం, "వచ్చుండాడు" అంటాం. "చేసి ఉండాది" అనం, "చేసుండాది" అంటాం. ఇకారం మీద ఉకారం వచ్చి పడితే ఇకారాన్ని మింగేస్తాం, రోజుకు వందసార్లు. నెల్లి మీద ఊరు వచ్చి పడితే నెల్లూరు కాక ఇంకేమవుతుంది? అంటే ఊరి పేరు వడ్ల నుంచి వచ్చిందంటే కట్టుబడి అరవం పద్ధతిలో ఉంది, ఉసిరి నుంచి వచ్చిందంటే కట్టుబడి తెలుగు పద్ధతిలో ఉంది. తెలుగు పౌరుషం చూపించాలనుకునేవాళ్లు నెల్లిని అరవమని తోసిపుచ్చితే, చేతిలో ఉన్న గట్టి సాక్ష్యాన్ని తామే పారేసుకున్నట్టు.

వడ్ల వాదనను నేను తేలిగ్గా తీసుకోను. నెల్లూరు బియ్యం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా మేనమామ వాళ్లు కోవూరు వైపు పది ఎకరాల కయ్యలు చేసేవాళ్లు. మొలగొలుకుల అన్నం ఉడుకుతుంటే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇవాళ్టికీ మా జిల్లాలో వడ్ల బేరం పుట్టి లెక్కనే, పుట్టికి 850 కిలోలు. 1855లో నెల్లూరు దగ్గర, 1886లో సంగం దగ్గర పెన్నకు ఆనకట్టలు కట్టాక డెల్టా అంతా ఒకే పచ్చటి చాప అయింది. 1937లో మొదలైన వరి పరిశోధన కేంద్రం మా జిల్లాలోనే ఉంది. ఇదంతా చూసినవాడు ఇది వడ్ల ఊరు అనుకోవడంలో వింత లేదు. ఆనకట్టలకు ముందు కూడా చెరువుల కింద వరి పండింది, అది కూడా నిజమే.

కానీ మనుషులు ఒక చోటికి పేరు ఎలా పెడతారో చూడండి. దారి చెప్పేటప్పుడు "ఆ వరి కయ్య దగ్గర తిరుగు" అని ఎవరన్నా అంటారా? అంతా వరి కయ్యలే. "ఆ ఒంటి తాడి దగ్గర", "ఆ రావిచెట్టు మలుపులో" అంటారు. చుట్టూ లేనిది ఎక్కడుంటే అక్కడ పేరు పుడుతుంది. వరి ఇక్కడ అంతటా ఉండేది. ఉసిరి అలా కాదు, అది మెట్ట చెట్టు, వెలిగొండల చెట్టు. పెన్న ఒడ్డున, ఇసుక కలిసిన నేలలో ఒక పెద్ద ఉసిరిచెట్టు నిలబడి ఉంటే బాటసారులు దాన్ని గుర్తు పెట్టుకుంటారు. పైగా అది పూజ చెట్టు. కార్తీకంలో దాని కింద ఆకులేసుకుని తింటాం, క్షీరాబ్ది ద్వాదశికి దాని కొమ్మ తెచ్చి తులసికోటలో గుచ్చుతాం, దాని కాయ మీద వత్తి వెలిగిస్తాం. గుడి కథలోని కల నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ కథ చెప్పినవాళ్లకు ఈ ఊరు ఒక చెట్టు మొదట్లో మొదలైందని గుర్తుంది. నాకు అది చాలు.

ఇంకా ఒక కారణం ఉంది. నేను ఎవరితో చెప్పినా ముందు ఆలోచించి, తర్వాత ఒప్పుకునే కారణం. పాతకాలంలో బావి తవ్వి నీళ్లు పడగానే అడుగున ఉసిరి చెక్కలో, కొమ్మలో వేసేవాళ్లు. నీళ్లు తియ్యబడతాయని. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే గొంతు తియ్యగా అవుతుంది, అందరికీ తెలిసిందే. ఒగరుదీ నీళ్లదీ ఏదో చుట్టరికం. ఇటు చూస్తే చిల్ల కూడా నీళ్లు తేర్చే చెట్టే. చిల్లకు తెలుగులో ఇంకో పేరుంది, ఇందుగ అనీ ఇందుప అనీ. పెన్న సముద్రంలో కలిసే వైపు ఇందుకూరుపేట ఉంది చూశారా? చిల్లకూరు, ఇందుకూరు. రెండు పేర్లలో ఒకే చెట్టు రెండు పేర్లతో ఉందని నేనంటాను. వాటి మధ్యలో నెల్లూరు. ఈ ప్రాంతానికి వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. వాయుగుండం పడితే పెన్న, కండలేరు, స్వర్ణముఖి ఎర్రగా పొంగుతాయి. ఊరంతా నీళ్లే, తాగడానికి మాత్రం తేట నీళ్లు ఉండవు. సముద్రం వైపు పోతే దొరువు (ఇసుకలో తవ్విన లోతులేని గుంట) నీళ్లు, కొద్దిగా లోతు పోతే ఉప్పు. ఇలాంటి చోట నీళ్లు బాగుచేసే చెట్టు ఎక్కడుంటే ఆ చోటు పేరు జనం మర్చిపోరు. ఈ పేర్లు నాకు అలంకారంగా కనబడవు. దాహంతో ఉన్నవాళ్లు పెట్టిన పేర్లు.

చిల్లగింజ పనిచేసే తీరు కూడా చెప్పి ముందుకు పోతాను. చెరువు నీళ్లలో తేలే బంకమట్టి రేణువులు ఎంత సన్నవంటే వాటంతట అవి అడుక్కి దిగవు, ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. గింజ అరగదీసినప్పుడు వచ్చే జిగురు ఆ రేణువుల్ని పట్టి ఒకదానికొకటి అంటిస్తుంది. ముద్దకట్టి బరువెక్కి కిందికి దిగుతాయి. పటిక చేసే పని కూడా అదే. పురుగు చస్తుందని మాత్రం అనుకోకూడదు, కాచుకునే తాగాలి. ఈ గింజ గురించి మనుస్మృతిలో ఒక మాట ఉంది. కతకం, అంటే చిల్లగింజ, నీటిని తేర్చే గుణమున్నదే అయినా దాని పేరు తలుచుకున్నంత మాత్రాన నీళ్లు తేరుకోవు అని. నేను ఊరి పేరు గురించి ఎప్పుడు మాట్లాడినా ఆ మాట నా వెనక నిలబడి వింటున్నట్టు ఉంటుంది.

అలాగని వినబడిన ప్రతి పేరునూ చెట్టుకు కట్టేయడం నాకు ఇష్టం లేదు. ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అల్లూరు పేరు వింటే అల్లిపూలతో ముడిపెట్టాలని నోరూరుతుంది, కానీ చెవికి ఇంపుగా ఉంటే చాలదు. కావలి పేరులో చెట్టు లేదు, కాపలా ఉంది. తాళ్లూరు అంటే తాడిచెట్ల ఊరని నేననుకుంటాను, పగ్గాల తాళ్లనేవాడు ఉంటే వాడికి జవాబు చెప్పగలగాలి. నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఆ చెట్టుకు ఆ నేల నచ్చుతుందా? మద్దిపాడు తీసుకోండి. ఏరుమద్ది వాగుల ఒడ్డున, కాళ్లు తడిసే చోట పెరుగుతుంది. మద్దిపాడు గుండ్లకమ్మ పక్కన ఉంది. పరీక్ష పాసైనట్టే. ఉలవపాడు ఎర్ర గరువు నేల, వాన తక్కువ, ఉలవ అలాంటి నేలకే పుట్టిన పంట. ఇప్పుడు ఉలవపాడు అనగానే అందరికీ మామిడిపండే గుర్తొస్తుంది, వేసవిలో హైవే మీద బుట్టలు పేర్చి పెడతారు. మామిడి కంటే ముందు ఆ నేలను పోషించింది ఏదో పేరే చెబుతోంది. ఇంకో రెండు వందల ఏళ్లకు ఎవరన్నా వచ్చి "ఇక్కడ మొదటి నుంచీ మామిడే" అంటే ఆ పేరు అడ్డం పడుతుంది.

పాడు అనే మాటకు కూడా ఒక ముక్క చెప్పాలి. మర్రిపాడు, మద్దిపాడు, ఉలవపాడు, వరికుంటపాడు. పాడు అంటే పాడుబడినది అనుకుని కొంతమంది తమ ఊరి పేరు చెప్పుకోవడానికి ముఖం చిన్నబుచ్చుకోవడం చూశాను. అది పాత మాట, ఊరు, నివాసం అని అర్థం. మర్రి కింద కాపురమున్న చోటు మర్రిపాడు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, గట్టిగా చెప్పుకోవచ్చు.

జిల్లాలు మాత్రం గీతలు. 1970లో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు కందుకూరు మా దగ్గర్నుంచి అటు పోయింది, రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్లీ ఇటు వచ్చింది, మా గూడూరు వైపు మండలాలు తిరుపతి జిల్లాలోకి పోయాయి. మా ఇంట్లో ఎవరూ తిరుపతి జిల్లా అనలేదు, నెల్లూరు జిల్లానే అన్నాం. గీత ఎటు గీసినా పొన్నలూరులో పొన్న, మద్దిపాడులో మద్ది అలాగే ఉన్నాయి.

నన్ను ఇప్పుడు టెన్షన్ పెడుతున్నది ఊళ్ల పేర్లు కాదు. అవి బోర్డుల మీద, రైల్వే టైమ్ టేబుల్లో ఉంటాయి, అంత తేలిగ్గా పోవు. పోతున్నవి చేల పేర్లు. మూడేళ్ల కిందట నాన్న పోయాక భూమి కాగితాల పని మీద ఒక ఆఫీసుకు వెళ్లాను. హద్దులు రాసేచోట "ఊడుగమాను కయ్య" అని రాయమన్నాను. మా తాత, నాన్న అలాగే అన్నారు కాబట్టి. అక్కడి మనిషి తలెత్తకుండా "పేర్లొద్దు, నంబరు చాలు" అన్నాడు. అతని తప్పు లేదు, కంప్యూటర్లో ఆ గడి లేదు. రీసర్వే అయ్యాక పాత సర్వే నంబరు కూడా పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. నంబరు కావాలి, కాదనను, కొలత సరిగ్గా ఉంటే తగవులు తగ్గుతాయి. కానీ పేరు రాస్తే పోయేదేముంది? పాత దానశాసనాల్లో హద్దులు ఎలా రాశారో చూస్తే తెలుస్తుంది. ఈశాన్యాన పుట్ట, తూర్పున చింత, దక్షిణాన వాగు అని చెట్టూ పుట్టా పేరు పేరునా చెక్కించారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. రాళ్ల మీద తెలుగు, అరవం, సంస్కృతం కలగలిసి ఉంటాయి. ఆ కాలంలో మూడు భాషలూ ఒకే ఊళ్లో బతికాయి, ఊరి పేరు ఏ భాషదని తన్నుకున్నట్టు లేదు. ఏ చెట్టు ఏ దిక్కున ఉందో మాత్రం జాగ్రత్తగా రాసుకున్నారు.

ఆ ఆఫీసు నుంచి వచ్చిన రాత్రే ఒక నోటుబుక్కు పెట్టాను. మా ఊళ్లో, చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పెద్దవాళ్లను అడిగి చేల పేర్లు రాస్తున్నాను. ఇప్పమాను చేను. రేలచెట్టు మిట్ట. గంగరావి గుంట. నక్కేరు దిబ్బ. నేరేడు కాలవ మడి. ఉసిరితోపు అని ఒకటి ఉండేది, దాని మీద ఇప్పుడు ప్లాట్లు వేసి ఇంగ్లీషు పేరుతో ఆర్చి కట్టారు. రాసిన పేర్లలో సగానికి పైగా చెట్లు ఇప్పుడు ఆ చోట లేవు. కొన్ని చెట్లు ఎలా ఉంటాయో చెప్పినవాళ్లకే తెలియదు, వాళ్ల నాయన అన్నాడు కాబట్టి వాళ్లూ అన్నారు. ఒక పెద్దాయన ఊడుగమాను కాయ రుచి చెప్పాడు, తియ్యగా జిగటగా ఉంటుందని, పళ్లకు అంటుకుంటుందని. ఆ ముక్క కూడా రాసుకున్నాను. మా కయ్య పేరులో ఉన్న చెట్టు కాయ రుచి నలభై ఏడేళ్లొచ్చాక నాకు ఒక పరాయి మనిషి నోట తెలిసింది.

అసలు చిల్లచెట్టు కోసం కూడా వెతికాను. మా ఊళ్లో ఒక్కటీ లేదు. పొడవునా ముళ్లకంపే. రాపూరు వైపు కొండ కింద గొర్రెలు కాసే ఒకాయన చూపించాడు, రెండున్నాయి. బెరడు నల్లగా పగుళ్లుబారి, ఆకులు ఎదురెదురుగా, మెరుస్తూ. కింద రాలిన కాయలు ఎండి నల్లబడి ఉన్నాయి. గుజ్జు వలిచి గింజలు కడిగి ఎండబెట్టుకుని తెచ్చాను. ఇంట్లో మా అమ్మాయికి చూపించడానికి నవంబరులో చెరువు నీళ్లు ఒక బకెట్టు తెచ్చాం. స్టీలు బిందెలో గింజ అరగదు, జారిపోతుంది. జేజిది మట్టి కడవ, లోపల గరుకుగా ఉండేది. చివరికి సానరాయి మీద రెండు గింజలు అరగదీసి ఆ గంధం నీళ్లలో కలిపాం. పొద్దున్నే అమ్మాయి నాకంటే ముందు లేచి మూత తీసింది. అడుగున మట్టి, పైన తేట. అది వేలు ముంచబోతే "కదిలించబాక" అని నా నోట వచ్చేసింది, జేజి గొంతుతో.

నోటుబుక్కులో ఇంకా ఒక పేరు తేలలేదు. బిల్లుమాను కయ్య. మా చిన్నాయన ఫోన్లో చెప్పాడు, బిల్లుచెట్టు మొద్దు గట్టు మీద ఇంకా ఉందని, తాను చిన్నప్పుడు దాని మీద కూర్చుని సంగటి తిన్నాడని. చూపిస్తావా అని అడిగాను. "ఆదివారం రా. నాట్లు పడితే గట్టు మీద నడవనియ్యరు, ముందే రా" అన్నాడు.